నానమ్మ నడిస్తేనే

నానమ్మ నడుముకు దోపుకునే చిన్న సంచిలో ఆధార్‌తో పాటు ఇప్పుడు ఇంకో కార్డు ఉంటుంది. పేస్‌మేకర్ కార్డు. కంపెనీ పేరు, సీరియల్ నంబర్, పెట్టిన తేదీ, వాటి కింద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు: వి, వి, ఐ, ఆర్. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆ అక్షరాల సంగతి చూడటం నా పని అయింది.

మొన్న ఎండాకాలంలో కొత్తూరులో మా ఇంటి ముందే రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండ దెబ్బ అన్నారు, షుగర్ అన్నారు. ఈసీజీ తీస్తే గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు పోయే కరెంటు మధ్యలో ఆగిపోయిందట, కంప్లీట్ హార్ట్ బ్లాక్. రక్తనాళాల్లో కొవ్వు పేరుకునే బ్లాక్ వేరు, ఇది వేరు. "స్టెంట్ వేశారా?" అని అడిగిన ప్రతి చుట్టానికీ ఈ తేడా చెప్పలేక నోరు నొప్పి పుట్టింది.

కాలర్ బోన్ కింద, చర్మం లోపల చిన్న పెట్టె పెట్టి, నరం గుండా గుండెలోకి ఒక వైరు పంపారు. మూడో రోజు ఇంటికి పంపేశారు. నాడి ఒక్క రోజులో బాగైంది. నానమ్మ బాగవ్వడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

వైరు కుదురుకునే దాకా, అంటే ఆరు వారాలు, ఎడమ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తొద్దన్నారు. ఆరు వారాలు అయిపోయాక కూడా ఆమె ఎత్తలేదు. చెయ్యిని ఒంటికి ఆనించి, పైన కొంగు చుట్టుకుని పడుకునేది. భుజం పట్టేసింది. కొప్పు కూడా మా అత్తే పెట్టాల్సి వచ్చేది.

దానికి తోడు పక్కింటావిడ. "విమానం పోతుంటే మిషిన్ బంద్ అయితదంట" అని చెప్పి వెళ్ళింది. శంషాబాద్ పక్కనే ఉండేవాళ్ళకు ఈ మాట చాలు. 2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి ఆ చప్పుడు విన్న మనిషి, ఇప్పుడు చప్పుడు రాగానే ఇంట్లోకి పోయేది. నిజానికి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు విమానం ఎక్కొచ్చు కూడా. సెక్యూరిటీ దగ్గర కార్డు చూపించి, చేతి డిటెక్టర్‌ను ఛాతీ మీద అలాగే పట్టి ఉంచొద్దని చెబితే సరిపోతుంది. ఫోన్ మాత్రం ఒక 15 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. మా దగ్గర ఇండస్ట్రియల్ ఏరియా కాబట్టి జాగ్రత్త పడాల్సింది వెల్డింగ్ షాపుల దగ్గర. దాని గురించి పక్కింటావిడ ఏమీ అనలేదు.

ఇక ఆ నాలుగు అక్షరాలు. ఈసీఈ వాళ్ళు నవ్వకండి, నాకు అర్థమైనట్టు చెబుతాను. మొదటి 'వి' కరెంటు ఇచ్చే చోటు, గుండె కింది గది. రెండో 'వి' గుండె సొంత దెబ్బ ఉందో లేదో వినే చోటు, అదే గది. 'ఐ' అంటే గుండె తానే కొట్టుకుంటే మిషిన్ ఊరుకుంటుంది. మన భాషలో ఒక ఇఫ్ కండిషన్. 'ఆర్' అంటే రేట్ రెస్పాన్స్. లోపల ఒక సెన్సర్ ఒంటి కదలికను చూస్తుంది, మన ఫోన్లు అడుగులు లెక్కపెట్టినట్టే. మనిషి నడిస్తే వేగం పెంచుతుంది. కూర్చుంటే మళ్ళీ 60కి దిగుతుంది.

ఇది నానమ్మకు చెప్పాను. "నువ్వు కూసుంటే అది గూడ కూసుంటది" అన్నాను.

కాసేపు ఆలోచించి, "అంటే దానికి నా కాళ్ళే చెప్పాలె?" అంది.

డాక్టర్ "నడవండమ్మా" అని మూడుసార్లు చెప్పారు, కానీ ఎందుకో చెప్పలేదు. మర్నాడు గేటు దాకా నడిచింది. వారానికి కిరాణా కొట్టు దాకా. కాళ్ళు వణికేవి, ఎందుకంటే అన్నాళ్ళూ మంచం మీదే ఉంది కదా, ఆ నీరసం గుండెది కాదు. భుజానికి ఫిజియో చెప్పిన పని: గోడ మీద వేళ్ళతో పైకి పాకించడం. ఎక్కడి దాకా అందితే అక్కడ బొగ్గుతో గీత. మా హాల్ గోడ ఖరాబైందని నాన్న గులిగాడు, ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు ఆర్నె లార్సన్ గురించి చెప్పాను. 1958లో స్వీడన్‌లో ప్రపంచంలోనే మొదటిసారి ఒంటి లోపల పేస్‌మేకర్ పెట్టించుకున్న మనిషి. ఆ మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది. తర్వాత 20కి పైగా మార్చుకుని, 2001లో 86 ఏళ్ళ వయసులో పోయాడు, అదీ గుండెజబ్బుతో కాదు. నేను ధైర్యం కోసం చెబితే, ఆమె "అన్నిసార్లు కోసిన్రా పాపం" అని అతని మీద జాలి పడింది.

నాలుగో నెలలో ఇన్ముల్‌నర్వ దర్గాకు ఆటోలో తీసుకెళ్ళమంది. మా మండలంలోనే ఉన్న జహంగీర్ పీర్ దర్గా, అన్ని మతాల వాళ్ళూ పోతారు. అక్కడి అంగళ్ళ మధ్య నాకంటే ముందు నడిచింది. గాజులు బేరమాడింది.

పోయిన నెల చెకప్. ఛాతీ మీద ఒక పరికరం పెట్టి స్క్రీన్ మీద అంతా చదివారు. బ్యాటరీ ఇంకా పదేళ్ళు వస్తుందన్నారు.

"పదేండ్లా," అంది నానమ్మ, కొప్పు తనే సరిచేసుకుంటూ. "అప్పటికన్నా నీ చదువు అయితదా బిడ్డా?"