చిన్న కారు, పెద్ద చక్రము

నిన్న ఆటోనగరులో, పదునాలుగేండ్లుగా నన్ను మోయుచున్న ఆల్టోకు పాదరక్షలు మార్పింపబోగా, దుకాణదారుడు "పద్నాలుగంగుళాల అల్లాయ్ వేయించండి సార్, బండికి లుక్కొస్తుంది" అనినప్పుడు క్షణకాలము నా మనస్సు చలించిన మాట నిజము.

దానిని నిలిపినది పాత టైరు ప్రక్కగోడపై నున్న 145/80 ఆర్ 12 అను చిన్న శాసనము: వెడల్పు 145 మిల్లీమీటర్లు, అందు నూటికి 80 పాళ్లు ప్రక్కగోడ యెత్తు, రిమ్ము వ్యాసము 12 అంగుళములు, వెరసి టైరు వ్యాసము సుమారు 537 మిల్లీమీటర్లు. అతడు చూపిన 165/70 ఆర్ 14 వ్యాసము 587. నూటికి తొమ్మిది పాళ్లు అధికమగుటచే, స్పీడోమీటరు 60 చూపుచుండగా బండి 65 దాటి పరుగిడును, స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు టైరు ఫెండరును రాచుకొనుట వేరు ముచ్చట. పదమూడంగుళముల మోజు తీరదన్నచో 155/65 ఉన్నది, దాని వ్యాసము 532.

నాలుగు బోల్టులున్నంత మాత్రమున ప్రతి రిమ్మును ప్రతి బండికి కుదురదు; ఎదురెదురు రంధ్రముల నడిమి దూరము కొన్నిటికి 100, కొన్నిటికి 114.3 మిల్లీమీటర్లు. ఈ మాట వినినంతనే కుర్రవాడు టేపు తెచ్చెను.

తుదకు పాత కొలతయే అడిగితిని. 'కొత్త' టైరుపై 0921 అంకెలుండెను, అనగా 2021లో తొమ్మిదవ వారమున పుట్టినది. వ్రేలు పెట్టి చూపగా లోపలినుండి వేరొకటి వచ్చినది, వెనుకనే టీయును వచ్చినది.