తుప్పు దాచని బండి

విశాఖపట్నం ఓడరేవు ప్రవేశ కాలువ ఒడ్డున మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిపై చర్చి, ఒకదానిపై వేంకటేశ్వరాలయం, ఒకదానిపై ఇస్‌హాఖ్ మదీనా దర్గా. ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ. 1933లో రేవు తెరిచిన నాటి నుంచి ఓడలు ఈ కొండల పక్కనుంచే లోపలికి వస్తున్నాయి. ఈ పాతపట్టణపు వీధుల్లో మేము ఇరవై రెండేళ్ళుగా నివసిస్తున్నాము. ఇక్కడ కిటికీ చువ్వలకు ఏటేటా రంగు వేయాలి. నాలుగేళ్ళు అశ్రద్ధ చేస్తే చువ్వ పెచ్చులుపెచ్చులుగా రాలిపోతుంది. ఉప్పుగాలి ఇనుమును అంతగా తింటుంది. గత శీతకాలం ఒక పాత బండి కొనడానికి బయలుదేరినప్పుడు, మాకు తెలిసిన విద్య ఇదొక్కటే.

బండి అవసరం పిల్లల వల్ల కలిగింది. మా కుటుంబం, తమ్ముడి కుటుంబం కలిపి ఏడుగురం. సంక్రాంతి సెలవుల్లో అరకు లోయకు, పాడేరు కొండలకు, లంబసింగికి వెళ్ళి, గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండి రావాలని పిల్లల కోరిక. హోటల్ గదులు మా జీతానికి అందేవి కావు. గుడారం, దుప్పట్లు, గ్యాస్ పొయ్యి, మంచినీళ్ళ డబ్బాలు, ఏడుగురు మనుషులు: ఇవన్నీ మా పాత వ్యానులో ఘాట్ రోడ్డు ఎక్కవు. వడ్డీకి అప్పు తెచ్చి కొత్త బండి కొనే ఆలోచన మాకు లేదు. కూడబెట్టినది, వ్యాను అమ్మితే వచ్చేది కలిపి రెండు లక్షల నలభై వేలు. ఆ లోపు దొరికే కొండదారి బండి కావాలి.

ఇంట్లో మొదటి సలహా గల్ఫ్ నుంచి సెలవుపై వచ్చిన మా మేనల్లుడిది. అక్కడి ఎడారిలో ల్యాండ్ క్రూజర్లు ఇసుక తిన్నెలు ఎక్కడం కళ్ళారా చూసినవాడు. “మామూ, కొంటే నాలుగు చక్రాలూ తిరిగే బండే కొనాలి. లేకపోతే కొండల జోలికి పోవద్దు” అన్నాడు. రెండో సలహా గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతున్న మా పూర్వ విద్యార్థిది. చిన్నతనంలో మా దగ్గర ఖుర్‌ఆన్ పారాయణం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగలడు. “ఉస్తాద్, ఏ బండి అని తర్వాత అడగండి. ఏ దారిలో పోతారో ముందు చెప్పండి” అన్నాడు అతను.

ఆ మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు చేరడానికి సుమారు 115 కిలోమీటర్లు. ఆ దారంతా తారురోడ్డే, ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కే దారీ అంతే. మట్టిదారి మాకు ఎదురయ్యేది చివరి ఒకటి రెండు కిలోమీటర్లలో. అక్కడ కావలసినవి నేలకు ఎత్తుగా ఉండే అడుగుభాగం, బలమైన కమాను పట్టీలు, మొదటి గేరులో లాగే శక్తి. నాలుగు చక్రాల బండ్లలో ఉండే అదనపు గేరు పెట్టె బురదలో, రాళ్ళ వాగులో ప్రాణం కాపాడుతుంది, నిజమే. కాని పాత బండిలో అది మరమ్మతు ఖర్చును కూడా పెంచుతుంది. ఏడాదికి రెండు కిలోమీటర్ల అవసరం కోసం పన్నెండు నెలల ఖర్చు మోయాలా అన్నది ప్రశ్న.

మన దేశంలో పాత కొండదారి బండ్ల కథ చాలావరకు మహీంద్రా జీపుల కథే. ఆ సంస్థ చరిత్ర మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. 1945లో ఉక్కు వ్యాపారంతో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. భాగస్వామి మాలిక్ గులాం ముహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరల్ అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. అమెరికా విల్లీస్ జీపును ఇక్కడ బిగించడంతో మొదలైన ఆ దారిలోనే ఎం.ఎం. 540, కమాండర్, 2000లో బొలెరో, 2010లో థార్ వచ్చాయి. ఏజెన్సీ గ్రామాలలో సంతకు పోయే జనాన్ని దశాబ్దాలపాటు మోసినవి కమాండర్ జీపులే. ఇంకొక పక్క 1985లో వచ్చిన మారుతీ జిప్సీ ఉంది. తేలికైన పెట్రోలు బండి, నాలుగు చక్రాలూ తిరుగుతాయి, సైన్యం ఎంతో కాలం వాడింది. కాని వెనుక ఎదురెదురు బల్లలు, ముందుకు చూసే సీట్లు రెండే. కుటుంబానికి ఇరుకు. 1994లో వచ్చిన టాటా సుమో విశాలమైనది. మా విద్యార్థి లెక్క ప్రకారం ఏడుగురికి, తక్కువ ధరకు, ఏ ఊరిలోనైనా విడిభాగాలు దొరికేలా ఉండాలంటే బొలెరో, సుమో కోవకు చెందిన వెనుక చక్రాల డీజిల్ బండ్లే చూడాలి. మేనల్లుడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని కాదనలేకపోయాడు.

మొదట చూసిన బండి మిలమిల మెరుస్తున్నది. కొత్త ఎరుపు రంగు, వెడల్పాటి టైర్లు, ముందర నాలుగు దీపాలు. అమ్మే దళారి ఇంజను ముందే వేడిచేసి ఉంచాడు. మా విద్యార్థి చాప వేసుకుని బండి కింద పడుకున్నాడు. ఛాసిస్ అంతటా నల్లటి తారు పూత నిగనిగలాడుతున్నది. చిన్న సుత్తితో ఒక్కొక్క చోట మెల్లగా తట్టాడు. ముందుభాగంలో ఖంగుమన్నది. వెనుక కమాను పట్టీ బిగించేచోట మెత్తని చప్పుడు వచ్చింది, పెచ్చు ఊడి అతని చొక్కా మీద రాలింది. తుప్పు మీద లప్పం, లప్పం మీద తారు పూత. ఎన్నో ఏళ్ళు రేవు పక్కన ఆరుబయట నిలిపిన బండి అది. అందులో ఏడుగురిని ఎక్కించి ఘాట్ రోడ్డు మలుపు తిప్పితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దళారి మాత్రం తొణకలేదు. “ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం సాయిబుగారూ, చూసుకుని కొనుక్కోండి” అన్నాడు.

ఆ రోజు షెడ్డులో కూర్చుని మా విద్యార్థి చెప్పిన జాగ్రత్తలను పాఠకుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరుస్తున్నాము. పాత బండిని ఉదయాన్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. స్టార్ట్ చేశాక నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా దట్టమైన నల్లపొగ వస్తే డీజిల్ సరిగా మండడం లేదన్నట్టు. ఆయిల్ మూత లోపల మజ్జిగ నురగలాంటిది కనిపిస్తే లోపలికి నీరు చేరిందేమోనని అనుమానించాలి. టైరు అంచు మీద ఉండే నాలుగు అంకెలు చూడాలి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. గాడి ఎంత లోతుగా ఉన్నా, కాలం చెల్లిన రబ్బరు ఘాట్‌లో నమ్మదగినది కాదు. కాళ్ళ కింది చాపలు ఎత్తి చూడాలి, తలుపుల అడుగు అంచులు తడమాలి. నాలుగు చక్రాల బండి అయితే ఆ గేరును తారురోడ్డు మీద కాక, వదులు మట్టి మీద వేసి చూడాలి.

కాగితాల సంగతి ఇంకొకటి. ఛాసిస్ మీది అంకె, ఆర్.సి. మీది అంకె ఒకటేనా, బ్యాంకు అప్పు తీరినట్టు పత్రం ఉందా చూడాలి. యాజమాన్యం మారడానికి 29, 30 నంబర్ల ఫారాలు కావాలి. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళే. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. పసుపు బోర్డు జీపు కొంటే సొంత వాహనంగా మార్పించుకోవడం వేరే పని. ముక్కలు ముక్కలుగా తెచ్చి అతికించిన జీపులు చవకగా కనిపిస్తాయి గాని, ఆర్.సి.లో లేని మార్పులను చట్టం అంగీకరించదు.

రెండో బండి కాగితాల దగ్గరే ఆగిపోయింది. మూడోది కూర్మన్నపాలెంలో, ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమణ పొందిన ఒక పెద్దమనిషిది. 2011 మోడల్, ఏడు సీట్ల డీజిల్ బండి, రంగు వెలిసిపోయి ఉంది. మేము అడగకముందే ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక కాగితం చదవడం మొదలుపెట్టారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానులో పైకప్పు మీద చెట్టు పడింది, కప్పు మార్పించారు. వాన కురిస్తే ఎడమ వెనుక తలుపు దగ్గర కారుతుంది. రెండో గేరు చలిలో మొరాయిస్తుంది. రిజిస్ట్రేషన్ గడువు ఇంకా పద్నాలుగు నెలలే. ఇలా తొమ్మిది లోపాలు వరుసగా రాసి ఉన్నాయి. “ముప్ఫై ఏళ్ళు ఇనుముతో పనిచేశానండీ. తుప్పును రంగుతో దాచితే అది లోపల ఇంకా పెరుగుతుంది” అన్నారాయన. సుత్తి దెబ్బకు ఆ ఛాసిస్ మొదటి నుంచి చివరి దాకా ఖంగున పలికింది. రెండు లక్షల ముప్ఫై వేలకు బేరం కుదిరింది.

ఇక మా వ్యాను అమ్మాలి. అసలు పరీక్ష అక్కడ ఎదురైంది. మదరసాలో మేము ఏళ్ళ తరబడి ‘హిదాయా’ గ్రంథంలోని క్రయవిక్రయాల అధ్యాయం బోధిస్తున్నాము. చెప్పని లోపం బయటపడితే సరుకును తిరిగి ఇచ్చే హక్కు కొన్నవాడికి ఉంటుందని, దానినే ఖియారుల్ ఐబ్ అంటారని ఎందరో విద్యార్థులకు వివరించాము. ఏ లోపానికీ బాధ్యత లేదని ముందే షరతు పెట్టి అమ్మితే హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం బేరం చెల్లుతుందనీ చెప్పాము. దళారి అన్న ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట అదే. మా వ్యాను ఇంజను వేడెక్కితే ఆగిపోతుంది, అరగంటకు గాని కదలదు. చూడవచ్చిన కూరగాయల వ్యాపారి చల్లని ఉదయం వచ్చాడు. నాలుగు వీధులు తిప్పాడు, ఏ ఇబ్బందీ రాలేదు. అరవై వేలకు ఒప్పుకున్నాడు. ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న మాట మా నాలుక చివర దాకా వచ్చింది.

టీ తీసుకొచ్చిన మా ఇంటావిడ తలుపు చాటు నుంచి మెల్లగా అన్నది: “మధ్యాహ్నం ఎండలో ఆగిపోయే సంగతి చెప్పారా?”

బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి, లోపలి తడిని బయటికి తీసి, ఇది జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) వర్తకుడిని నిలదీసిన సంఘటన మేము ప్రతి సంవత్సరం పాఠంగా చెప్పేదే. చెల్లే బేరం వేరు, దాపరికం లేని బేరం వేరు. తెలిసిన లోపాన్ని దాచడం ఏ షరతు పెట్టినా పాపమేనని విద్యార్థులకు చెప్పిన నోరు, ఆ ఉదయం పన్నెండు వేల రూపాయల కోసం మూతబడబోయింది. సిగ్గుతో చెబుతున్నాము. కాగితం తీసి లోపాలు రాశాము, అయిదు తేలాయి. వ్యాపారి చదివించుకుని విన్నాడు, నలభై ఎనిమిది వేలకు తగ్గించి తీసుకున్నాడు. ఆ తగ్గింపు వల్ల మంచి గుడారం కొనలేక, టార్పాలిన్‌తో సరిపెట్టుకున్నాము.

జనవరిలో బయలుదేరాము. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే పక్కనే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం కొండల్లో కనబడుతూ మాయమవుతూ వచ్చింది. బైలడిలా ఇనుప ఖనిజం ఆ దారినే కిందికి దిగుతుంది. కొంత రేవుకు, కొంత మన ఉక్కు కర్మాగారానికి. మా బండిలోని ఇనుము ఏ కొండదో గాని, కొండ మీది ఇనుము సముద్రం దగ్గరికి, మేము సముద్రం దగ్గర నుంచి కొండ మీదికి! రెండో గేరు చలిలో మొరాయించింది, కాగితంలో రాసినట్టే. గాలికొండ మలుపు దాటాక, ఒక రైతు అనుమతితో కోత అయిపోయిన ఆయన పొలం అంచున దిగాలని నిర్ణయించాము. పొలానికి దారి ఒక చిన్న వాగు గుండా ఉంది. అవతలి గులకరాళ్ళ ఎక్కుడులో వెనుక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. మేనల్లుడు “చెప్పానా మామూ” అన్నట్టు చూశాడు. అందరం దిగాము, పిల్లలు చక్రాల కింద రాళ్ళు పేర్చారు, ఆ ఊరి యువకులు ఇద్దరు భుజం పట్టారు. బండి ఎక్కింది. ఆ రాత్రి వారికి మా బిర్యానీ, మాకు వారి కాఫీ.

ప్రయాణికులం కాబట్టి ఇషా నమాజు ఖస్ర్ చేశాము. ఖిబ్లా పడమరకు కొద్దిగా ఉత్తరంగా. తెల్లవారుజామున నీళ్ళు మంచులా ఉన్నాయి. “తయమ్ముమ్ చేసుకోవచ్చా?” అని చిన్నవాడు ఆశగా అడిగాడు. పొయ్యి, గిన్నె, గ్యాస్ మూడూ ఉన్నప్పుడు ఆ సడలింపు మనది కాదని చెప్పి నీళ్ళు కాచాము. తిరిగి వచ్చేటప్పుడు ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కూడా పొలంలో మిగలకుండా పిల్లలే ఏరారు. దిగుడులో మా విద్యార్థి చెప్పినట్టు, బ్రేకు మీదే భారం వేయక, ఎక్కిన గేరులోనే మెల్లగా దిగాము.

ఆ పెద్దమనిషి రాసిచ్చిన కాగితం ఇప్పటికీ బండి డ్యాష్‌బోర్డు అరలో ఉంది. తొమ్మిదింటిలో నాలుగు బాగుచేయించి కొట్టివేశాము. కొత్తగా తెలిసినవి రెండు కింద చేర్చాము. ఎప్పుడైనా ఈ బండి అమ్మవలసి వస్తే, తాళంచెవితో పాటు ఆ కాగితం కూడా కొన్నవారికి ఇవ్వాలని పిల్లలకు చెప్పి ఉంచాము, ఇన్‌షా అల్లాహ్.