మూడో కన్నం

డాలస్‌లో శనివారం రాత్రి తొమ్మిదిన్నర అంటే, నవంబరులో, మా ఊరు ఘంటసాలలో ఆదివారం పొద్దున తొమ్మిది. ఆ వేళకి అక్క టిఫిన్లు పూర్తిచేసి ఉంటుంది. బావగారు పొలం చూసుకుని వచ్చి వీధి అరుగు మీద కూర్చుంటారు. మేనల్లుడు సెలవు రోజున అప్పటికింకా లేవడు. ఆ ఆదివారం మాత్రం నేను చేయకముందే వాడే ఫోన్ చేశాడు.

"మామయ్యా, డెబ్బై అయిదు వేలల్లో గేమింగ్ పీసీ అవుతుందా? షాపులో బిగించి ఇచ్చింది వద్దు. నేనే బిగిస్తా."

ముప్పై వేలు వాడి సొంతం. పెళ్లి వీడియోలు చేసే స్నేహితుడి దగ్గర రెండు వేసవులు ఎడిటింగ్ చేసి దాచుకున్నాడు. ధాన్యం డబ్బులు రాగానే పాతిక వేలు ఇస్తానని అక్క ఒప్పుకుంది. మిగతా ఇరవై నా మీద పెట్టాడు. వాడు ఎనిమిదో తరగతిలో ఉండగా ఫోన్‌లో పబ్జీ ఆడేవాడు. 2020 సెప్టెంబరు 2న దాన్ని నిషేధించినప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఇప్పుడు విజయవాడలో బీటెక్ మొదటి సంవత్సరం. హాస్టల్లో ఎవరి కంప్యూటర్ మీదో వాలరెంట్ ఆడి వచ్చాక వాడి ధ్యాసంతా దాని మీదే. పిల్లవాడు ఆటల కోసం అడుగుతున్నాడని నాకు చిన్నచూపు లేదు. నేను కంప్యూటర్ నేర్చుకున్నది కూడా ఆటలతోనే.

వాడు రాసి పంపిన లిస్టులో సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. పెట్టెకు కరెంటు అందించే ఎస్సెంపీఎస్ దగ్గర మాత్రం "క్యాబినెట్‌తో పాటు వచ్చేది" అని ఉంది. యూపీఎస్ ఊసే లేదు. నేను దానికి బదులుగా, ఇక్కడ మైక్రో సెంటర్ అనే షాపులో సామాను కొని మా అబ్బాయికి కట్టిన పెట్టె లిస్టును రూపాయల్లోకి మార్చి పంపాను. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ మూడూ కలిపి తక్కువకు ఇచ్చే పద్ధతి ఆ షాపులో ఉంది. ఆ లిస్టు చూసి మేనల్లుడు సంబరపడ్డాడు. బావగారు ఫోన్ అందుకుని ఒకే ఒక్క మాట అడిగారు.

"అంతా బాగానే ఉంది గానీ, కరెంటు సంగతి ఆలోచించావా?"

ఆ మాటతో ఇరవై ఏళ్ల కిందటి వాసన ఒకటి ముక్కుకి తగిలింది.

2004లో నాన్న మినుములు అమ్మిన డబ్బుతో విజయవాడ వెళ్లి నాకో అసెంబుల్డ్ కంప్యూటర్ తెచ్చారు. పెంటియం 4, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ డిస్కు. దాని మీద రోడ్ రాష్, వైస్ సిటీ ఆడాను, సీ ప్రోగ్రాములూ రాశాను. మరుసటేడు మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలికి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగింది. న్యూట్రల్ తెగితే కరెంటు పోతుందనుకుంటారు చాలామంది. పోదు. రెండు ఫేజుల మధ్య ఇళ్లు ఒకదాని వెనక ఒకటి తగిలించినట్టయి, 230 ఓల్టులు రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. ఇంట్లో ట్యూబులైట్లు ఒక్క క్షణం పట్టపగల్లా వెలిగాయి. తర్వాత చీకటి, కాలిన వాసన. ఎస్సెంపీఎస్ పోతూ పోతూ బోర్డునీ డిస్కునీ కూడా తీసుకుపోయింది. నాన్న ఒక్క మాట అనలేదు. ఆ పెట్టె మూడేళ్లు బల్ల మీద గుడ్డ కప్పుకుని అలాగే ఉండిపోయింది.

అమెరికాలో గోడలోని మూడో కన్నం గురించి ఎవరూ ఆలోచించరు. ఎర్త్ ఉందనే నమ్మకంతోనే ప్లగ్గు పెడతాం. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సస్ గ్రిడ్ కూలే దశకు వచ్చినప్పుడు మేమూ చీకట్లో, చలిలో వణికాం. కానీ కరెంటు పోవడం వేరు, తప్పుడు కరెంటు రావడం వేరు. ఆ రెండోదాన్ని నేను మరిచిపోయాను. ఊళ్లో ఉన్న మనిషి మరిచిపోలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటి అప్పటికి నెలయినా కాలేదు.

ఆ రాత్రే లిస్టు తిరగరాయడం మొదలుపెట్టాం. ఈసారి గోడ దగ్గర్నుంచి.

ఊళ్లో మా ఇంట్లో స్విచ్ బోర్డులకు మూడో కన్నం ఉంది, దాని వెనక తీగ లేదు. పాత ఇళ్లలో ఇది మామూలే. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కరెంటులోని రొదను వడకట్టడానికి ఎస్సెంపీఎస్ లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లను క్యాబినెట్ రేకుకు కలుపుతారు. ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు నేలలోకి దిగిపోతుంది. లేకపోతే రేకు మీద 115 ఓల్టుల దాకా నిలుస్తుంది. మన ఊళ్లలో కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుందని చెప్పుకునేది దీని గురించే. దానివల్ల మనిషి ప్రాణానికి సాధారణంగా ముప్పుండదు గానీ, నడుస్తున్న పెట్టెకు మానిటర్ కేబుల్ తగిలిస్తే పోర్టులు పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా లోపల ఫేజు తీగ ఎప్పుడైనా రేకుకు తగిలితే, ఆ రోజు ముందుగా కాపాడాల్సింది ఎర్తే.

బావగారు ఎలక్ట్రీషియన్ని పిలిచి పెరట్లో గుంత తవ్వించారు. పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేయించి, అక్కణ్ణుంచి కంప్యూటర్ పెట్టే గదికి తీగ లాగించారు. డెల్టా నేలకు ఈ విషయంలో వరం ఉంది. నల్లమట్టి, నాలుగడుగుల కింద తడి. రాయలసీమలో రాతినేల మీద పడాల్సిన అవస్థ ఇక్కడ లేదు. మీటరు పక్కన, ఓల్టేజీ హద్దు దాటితే లైను తెంపేసే చిన్న పరికరం పెట్టించాం. అప్పుడు న్యూట్రల్ తెగిన రోజున ఇలాంటిది ఉండుంటే నాన్న కొన్న పెట్టె బతికేది. ఈ రెండింటికీ అయిన అయిదు వేలు బావగారే పెట్టుకున్నారు, డెబ్బై అయిదు వేలల్లో కలపనివ్వలేదు.

పైమెరుగుల కంటే ముందు అడుగు కట్టడం ఎందుకో మా ఊరి బౌద్ధ మహాచైత్యాన్ని చూసినవారికి తెలుస్తుంది. టోలెమీ రాతల్లో ఓడరేవుగా కనిపించే ఊరు మాది. పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బయటపడింది ఇటుక కట్టడం. దాని పైన ఉండిన చెక్కడపు ఫలకాల్లో కొన్ని పారిస్‌లో గీమే మ్యూజియందాకా వెళ్లిపోయాయి. ఇటుక మాత్రం ఊళ్లోనే ఉంది. చిన్నప్పుడు దాని మీద ఎక్కి ఆడుకున్నవాణ్ణి, లిస్టు తిరగరాస్తుంటే అది గుర్తొచ్చింది.

గోడ తర్వాత ఎస్సెంపీఎస్. క్యాబినెట్‌తో ఊరికే వచ్చేది వద్దన్నాను. 550 వాట్లది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది, మంచి కంపెనీది తీసుకోమన్నాను. నాలుగున్నర వేలు. దానితో పాటు 1100 వీఏ యూపీఎస్. గేమ్‌ని కాసేపు ఆపకుండా ఆడుకోవడానికి కాదు, ఓల్టేజీ పడిపోయినప్పుడు సర్దడానికి, కరెంటు పోతే సేవ్ చేసుకుని కట్టేయడానికి. అక్కడ గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగింది. ఆర్ఎక్స్ 6600 దగ్గర ఆగాం. 8 జీబీ మెమరీ, 132 వాట్లు మాత్రమే తాగుతుంది, 1080పీ మానిటరుకు చాలు. ఇరవై వేలు. తక్కువ వాట్లంటే తక్కువ వేడి కూడా. మే నెల ఉక్కపోతలో ఏసీ లేని గదిలో ఆ తేడా తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కార్డు కొందామని మేనల్లుడు రెండుసార్లు అడిగాడు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం క్రిప్టో కరెన్సీ మైనింగ్ ఆగిపోయాక, రేయింబవళ్లు నడిచి అలిసిన కార్డులు గుట్టలుగా బజార్లోకి వచ్చాయి. వాటిలో బాగున్నవి లేవని కాదు. ఏది బాగుందో మొదటిసారి కట్టే పిల్లవాడికి తెలిసే మార్గం లేదు. వద్దన్నాను.

ప్రాసెసర్ రైజెన్ 5 5600. దాని ఏఎం4 సాకెట్ 2016 నాటిది, కొత్తది కాదు. కానీ బోర్డులు చవక, డీడీఆర్4 ర్యామ్ సరిపోతుంది. ఒక్కటి మాత్రం అడగమన్నాను: బోర్డు బీ450 అయితే, ఈ ప్రాసెసర్‌ని గుర్తుపట్టేలా బయోస్ అప్‌డేట్ చేసి ఇస్తారా అని. ఇక ర్యామ్ దగ్గర ఏడిపించింది ప్రపంచం. కృత్రిమ మేధ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ముందే పట్టుకుపోవడంతో, ఆ ఏడాది మొదట్లో మూడు వేల చిల్లరకు దొరికిన 16 జీబీ నవంబరుకి రెట్టింపు దాటింది. మిగతా సామాను సంక్రాంతికి కొనుక్కో, ర్యామ్ మాత్రం ఈ వారమే కొను అన్నాను. కొని, హాస్టల్లో స్నేహితుడి పెట్టెలో పెట్టి పరీక్షించుకున్నాడు. డిసెంబరు మొదట్లో మైక్రాన్ కంపెనీ, క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారమే మానేస్తున్నానని ప్రకటించింది. వాడు ఆ వార్త నాకు పంపి, కింద దండం బొమ్మ పెట్టాడు.

అమెరికా నుంచి సామాను తెమ్మని అక్క అడిగింది. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది. ఇక్కడి బోర్డు అక్కడ పాడైతే ఎవరికి చెప్పుకోవాలి? అందుకని మేనల్లుడు స్నేహితుడితో కలిసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి వెళ్లాడు. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని సీటీసీ అంటారు. కంప్యూటర్ సామాను కొన్న తెలుగువాళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. వాడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా షాపు షాపూ తిరిగి, ప్రతి వస్తువు మీది సీరియల్ నంబరూ బిల్లులోకి ఎక్కించుకున్నాడు. ఆ పని వాడంతట వాడే చేశాడు, నేను చెప్పలేదు.

సంక్రాంతికి నేను ఊరెళ్లాను. కోత కోసిన పొలాల్లో మినుము పచ్చగా పరుచుకుంది. ముక్కనుమ నాడు మధ్యాహ్నం, నడవలో మంచం మీద దుప్పటి తీసేసి అట్టపెట్టెలన్నీ పరిచాడు. నేను చెయ్యి పెట్టనన్నాను, పెట్టలేదు. సాకెట్‌లో ప్రాసెసర్ దించుతుంటే వాడి వేళ్లు వణికాయి. బంగారు త్రికోణం గుర్తు చూసుకుని, నొక్కకుండా వదిలాడు, తనంతట అదే కూర్చుంది. ర్యామ్ రెండూ పక్కపక్కన పెట్టబోయి, పుస్తకం చూసి, రెండో గాడిలోనూ నాలుగో గాడిలోనూ పెట్టాడు. కూలర్ మరలు ఒకేసారి బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పాడు. బావగారు కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నారు. ఇంజన్ బిగించేటప్పుడూ ఇంతే కదా అన్నారు.

స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ రాలేదు. వాడి మొహం వాడిపోయింది. నాకు కారణం కనిపిస్తూనే ఉంది, అయినా పది నిమిషాలు ఆగాను. ఈ ప్రాసెసర్‌లో బొమ్మ చూపించే భాగం లేదు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి. వాడే కనిపెట్టి మార్చాడు. తెర వెలిగింది. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ రాత్రి బయోస్‌లోకి వెళ్లి ర్యామ్‌ని 3200కీ, విండోస్‌లో మానిటర్‌ని 100 హెర్ట్జ్‌కీ మార్చుకున్నాడు. ఇవి మార్చుకోకుండా సంవత్సరాల తరబడి ఆడేవాళ్లున్నారు, డబ్బు పెట్టి కొన్న వేగం వాడుకోకుండానే. తర్వాత పడుకునే ముందు నేను క్యాబినెట్ మీద చెయ్యి ఆనించి చూశాను. జిల్లుమనలేదు.

మీ ఊళ్లోనూ ఇలా లిస్టు పంపే పిల్లలుంటారు. కాదనకండి, బిగించే పని వాళ్లకే వదిలిపెట్టండి. కానీ గ్రాఫిక్స్ కార్డు పేరు మాట్లాడేముందు, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ గదిలో మూడో కన్నం మీద మల్టీమీటరు పెట్టించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో చూపాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు ఓల్టులకు మించకూడదు. అలా చూపకపోతే ముందు పెరట్లో గుంత తవ్వించండి.