ఎంత వంగితే ఎంత శాతం

సెప్టెంబర్ 14, 2025, ఆదివారం

యాప్‌లో వైకల్య పరిహారం పెంచమని వీఏకు, అంటే అమెరికా వెటరన్ల శాఖకు, ఈయన పెట్టిన క్లెయిం ఇంకా ‘ఆధారాల సేకరణ’ దగ్గరే ఉంది. మొత్తం ఎనిమిది దశల్లో ఇది మూడోది. ముందుకు పోయిన క్లెయిం కూడా మళ్ళీ ఇక్కడికి రావచ్చని కింద రాసే పెట్టారు. ఈయన చూడరు. పొద్దున టీ మరుగుతుంటే నేనే చూస్తాను. “ఏమన్నా కదిలిందా?” అని మాత్రం అడుగుతారు, పక్కింటివాళ్ళ విషయం అడిగినట్టు.

సెప్టెంబర్ 18, గురువారం

భార్యగా నేను చూసింది రాసివ్వాలి. దానికో ఫారం ఉంది, 21-10210. కౌంటీ ఆఫీసులో మా కాగితాలు చూసిపెట్టే పెద్దాయన వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. 2022లో ప్యాక్ట్ చట్టం వచ్చాక, అక్కడి ఏజెంట్ ఆరెంజ్ రసాయనం వల్ల వచ్చినదాని కింద ఆయన బీపీకి కూడా పరిహారం వచ్చింది. అన్నేళ్ళు ఆగినవాడు కాబట్టి తొందరపడేవాళ్ళంటే ఆయనకు నవ్వు. ‘భరించలేని నొప్పి’ లాంటి మాటలు వద్దన్నాడు. కళ్ళతో చూసింది రాస్తే చాలన్నాడు. పెంచమని అడిగితే ఉన్నదాన్ని కూడా మళ్ళీ తిరగేసి చూడొచ్చు, అది గుర్తుంచుకోమని కూడా అన్నాడు.

రాశాను. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి, రెయిలింగ్‌ను రెండు చేతులా పట్టుకుంటారు. రెండు కాళ్ళూ ఒక మెట్టు మీదికి చేరాకే కింది మెట్టు. సాక్సు తొడగడం నా పని. ఇరవై పౌండ్ల బియ్యం సంచీ కారు డిక్కీలోనే ఉంటుంది, డబ్బాతో కొంచెం కొంచెం నేనే తెచ్చుకుంటాను.

ఒకటి రాయలేదు. ఈయన నేల మీద బాసింపట్టు వేసుకుని అన్నం తిని ఏళ్ళయింది. కుర్చీల దేశంలో దాన్ని నష్టం కింద ఎవరు జమ కడతారు?

సెప్టెంబర్ 23, మంగళవారం

బతుకమ్మ ఫోటోలు పంపి అత్తమ్మ ఫోన్ చేసింది.

“ఇప్పుడు వానికి ఎంత ఉన్నది బిడ్డా?”

“నలభై అత్తమ్మా.”

“ఎంత రావాలె?”

“అరవయ్యో డెబ్బయ్యో.”

“డెబ్బై అంటే ఫస్ట్ క్లాసే గదా!”

ఈ పరీక్షలో మార్కులు పెరిగితే ఒళ్ళు తరిగినట్టని చెప్పబుద్ధి కాలేదు.

లెక్క కూడా బళ్ళో చెప్పిన లెక్క కాదు. నడుముకు 20, ఒక్కో మోకాలికి 10, చెవిలో హోరుకు 10. కూడితే 50. వీఏ అలా కూడదు. నూరు శాతం మనిషిలోంచి ముందు పెద్దది తీస్తారు, 20 పోతే 80 మిగులుతుంది. తర్వాతి పది ఆ ఎనభైలోంచే, అంటే ఎనిమిదే. ఇలా మిగిలినదాంట్లోంచి తీసుకుంటూ పోవాలి. రెండు మోకాళ్ళూ చెడినందుకు కాస్త కొసరు వేస్తారు. అంతా అయ్యాక ఈయనకు 43 తేలింది. దగ్గరి పదికి సర్దితే 40. మూడు ఎగిరిపోయాయి. మా కోసం కలిపేది పక్కన పెడితే నెలకు 774 డాలర్లు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

ఇవాళ పరీక్ష. చేసేది వీఏ ఆస్పత్రి కాదు, కాంట్రాక్టు తీసుకున్న క్లినిక్.

పొద్దున ఈయన హుషారుగా లేచారు. మబ్బు లేదు, నొప్పీ పెద్దగా లేదు. నాకు గుబులు పట్టుకుంది. నెలకు నాలుగు రోజులు బాగుంటే అందులో ఒకటి ఇవాళే రావాలా? మొగుడి నడుం బాగుందని దిగులు పడ్డ ఆడదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. వెయిటింగ్ హాల్లో ఇంకా ఇద్దరు భార్యలు కూర్చుని ఉన్నారు, వాళ్ళ మొహాలూ నా మొహంలాగే ఉన్నాయి.

ఎలా ఉన్నారని పరీక్ష చేసే ఆవిడ అడగ్గానే ఈయన “గుడ్, మేడమ్” అన్నారు. సైన్యం నేర్పిన జవాబు. నేను కాలితో కాలు తొక్కాను.

ఆవిడ చేతిలో కోణాలు కొలిచే పరికరం. రెండు ప్లాస్టిక్ పట్టీలు, మధ్యలో చీల, చుట్టూ అంకెలు. ఒక పట్టీ తొడ వెంబడి, ఇంకోటి పిక్క వెంబడి ఆనించి కాలు మడవమంది. నొప్పి మొదలైన చోట చెప్పమంది. మళ్ళీ మళ్ళీ మడిపించింది, అలిసిపోయాక ఎంత తగ్గుతుందో చూడటానికి. తర్వాత నిలబడి ముందుకు వంగమంది. వేళ్ళు మోకాళ్ళ దాకా కూడా రాలేదు. అక్కడే ఆగి, టేబుల్ అంచు పట్టుకుని లేచారు. ఆవిడ ఏమీ మాట్లాడకుండా అంకె రాసుకుంది.

నొప్పి ముదిరిన రోజుల్లో ఎలా ఉంటుందని కూడా అడిగింది. అది అడగకుండా ఊరుకోకూడదని 2017లో షార్ప్ కేసులో వెటరన్ల అప్పీళ్ళ కోర్టు చెప్పింది. అప్పుడు మాత్రం ఈయన నిజం చెప్పారు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. నిన్నటి నుంచి ఇక్కడ సర్కారు మూతపడింది. వీఏలో క్లెయిములు చూడటం ఆగదట, పరిహారం కూడా వస్తుందట. జనం నేరుగా వెళ్ళే ప్రాంతీయ కార్యాలయాలకు మాత్రం తాళం. యాప్‌లో ‘ఆధారాల పరిశీలన’ అని మారింది. పండగ పూట ఆ మాత్రం శుభవార్త చాలు.

అక్టోబర్ 24, శుక్రవారం

ధరలు పెరిగినందుకు వచ్చే ఏడాదికి 2.8 శాతం పెంపు ప్రకటించారు. సోషల్ సెక్యూరిటీకి ఎంతో వీఏ పరిహారానికీ అంతే. దీనికి వంగక్కర్లేదు, కొలతలు ఇవ్వక్కర్లేదు.

నవంబర్ 8, శనివారం

కార్తీక మాసం కదా, స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. అందరూ దుప్పట్ల మీద కూర్చుంటే ఈయనకూ, ఇండియా నుంచి వచ్చిన ఇద్దరు ముసలివాళ్ళకూ గోడ వారన కుర్చీలు వేశారు. అయిదు కథలూ ఆ కుర్చీలోనే. ప్రసాదం ఇస్తూ ఒకావిడ, “అప్పుడే మోకాళ్ళా? డీ విటమిన్ వేసుకోండి” అంది. ఈయన బుద్ధిగా తలూపారు.

ఇంటికొచ్చి మోకాలి నియమాలు తీసి చదివాను. కాలు మడవడానికి సంబంధించి 20 శాతం రావాలంటే 30 డిగ్రీలకు మించి మడతపడకూడదు. అంటే దాదాపు కట్టె. బాసింపట్టుకు వంద డిగ్రీలు దాటాలి. ఆ ముప్పైకీ ఈ వందకూ మధ్యే మా ఇంటి పూజలూ భోజనాలూ అన్నీ ఉన్నాయి. అక్కడ ఎంత పోయినా ఆ పట్టికలో పెద్ద తేడా రాదు.

నవంబర్ 11, మంగళవారం

వెటరన్స్ డే. హోటల్లో ఈయనకు భోజనం ఉచితం. బిల్లు దగ్గర మన కుర్రాడొకడు, “అన్నా, మనవాళ్ళు ఈ మిలిటరీలో కూడా ఉన్నారా?” అన్నాడు.

ఉన్నారు. 2009లో మావ్నీ అని ఒక పథకం పెట్టారు. గ్రీన్ కార్డు లేకపోయినా, చదువు వీసా మీదున్నవాళ్ళు సైతం, కావలసిన భాష వస్తే చేరొచ్చు, పౌరసత్వం తొందరగా వస్తుంది. ఆ భాషల్లో హిందీ ఉంది. హైదరాబాదు పిల్లాడికి హిందీ ఎవరు నేర్పాలి? మాంద్యంలో ఉద్యోగం దొరక్క ఈయన అందులోకి వెళ్ళారు. 2016లో ఆ తలుపు మూసేశారు. హిందీ కోసం తీసుకున్నవాళ్ళు ట్రక్కుల కింద పడుకోబెట్టి స్పానర్లు ఇచ్చారు. భుజాన బరువేసుకుని మైళ్ళకు మైళ్ళు నడిపించారు. హిందీలో ఎవరూ ఏమీ అడగలేదట.

నవంబర్ 20, గురువారం

వచ్చింది. నడుం 20 నుంచి 40. ముందుకు వంగడం 30 డిగ్రీల లోపే ఆగిందని రాశారు. మోకాలు 95 డిగ్రీలు మడతపడుతోంది కాబట్టి, నొప్పి ఉన్నందుకిచ్చే ఆ పదే. ఆధారాల జాబితాలో నేను రాసిచ్చింది కూడా ఉంది. మొత్తం 58, సర్దితే 60. మొన్న మూడు తీసుకున్నవాళ్ళు ఇవాళ రెండు ఇచ్చారు. మా భాగం కాక నెలకు 1,395 డాలర్లు. మార్చిలో ‘క్లెయిం వేయబోతున్నాను’ అని ముందే తెలియజేసిన తేదీని లెక్కలోకి తీసుకున్నారు కాబట్టి బకాయి కూడా వస్తుంది.

“మోకాలి సంగతి వదలొద్దు, పై అధికారితో మళ్ళీ చూపించుకోవచ్చు, ఏడాది గడువుంది” అన్నాను.

ఈయన ఉత్తరం మడిచి పక్కన పెట్టారు. “ఏమని అడగాలి? కాలు ముప్పై దగ్గరే ఆగిపోతోందనా? అలా ఆగిపోకూడదనే కదా రోజూ ఆ రబ్బరు పట్టీ కట్టుకుని అరగంట లాగేది. ఆ ఇరవై నాకొద్దు.”