రింగవుతూనే ఉందిగా!

చేతిలో సెల్‌ఫోను ఉన్నవాళ్లకి ఇంట్లో ఇంకో ఫోను ఎందుకా అనిపిస్తుంది. ఎనభైకి దగ్గరపడ్డవాళ్లని అడిగి చూడండి. తెర మీద వేలు ఎక్కడ తగిలితే ఏమవుతుందో తెలీదు. ఎత్తబోతే కట్టయిపోతుంది. అదే ల్యాండ్‌లైన్ అయితే బటన్ నొక్కినట్టు వేలికి తెలుస్తుంది. అందుకే గుడివాడలో ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారింట్లో పాత తీగ పోయి ఫైబర్ వచ్చినా, ఫోను మాత్రం పోలేదు. నంబరూ మారలేదు.

అందులోనూ కార్డ్‌లెస్. మాస్టారి భార్యకి తుంటి ఎముక ఆపరేషనైంది. వాకర్ పట్టుకుని ఆవిడ హాల్లోకి వచ్చేసరికి ఫోను ఆగిపోయేది. పోనీ గదిలోకి పొడుగు వైరు లాగుదామా అంటే, వాకర్‌తో నడిచే మనిషి దారిలో వైరు పరచడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదు. అందుకని బేస్ హాల్లో, హ్యాండ్‌సెట్ పగలంతా ఆవిడ దిండు పక్కన.

రోజూ మధ్యాహ్నం మూడింటికి తెనాలి నుంచి అక్కగారి ఫోను. ‘తిన్నావా’తో మొదలై, కూరల మీదుగా మోకాళ్ల నొప్పుల దాకా వెళ్లి, ‘సరే పెట్టేస్తున్నా’ అని నాలుగుసార్లు అనుకున్నాక గానీ ఆగదు. అలాంటిది ఒకరోజు ఫోను రాలేదు. మర్నాడూ లేదు. అంతకుముందు రోజే తెనాలిలో నాన్నగారి ఇల్లు అమ్మే విషయంలో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. అక్కకి కోపమొచ్చిందని చెల్లెలుగారు తీర్మానించేశారు. ‘అన్నది తను, తనే చెయ్యాలి’ అని ఈవిడ పట్టు. మూడయ్యేసరికి మాత్రం దిండు వైపు చూడటం మానలేదు.

అయిదో రోజున మందుల షాపుకి ఫోన్ చేద్దామని మాస్టారు హ్యాండ్‌సెట్ తీశారు. తెర చీకటి. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

‘లైను పోయింది, కంప్లయింట్ ఇవ్వండి’ అన్నారావిడ. అందరం చేసే పని అదే. మాస్టారు లెక్కల మనిషి కదా, ముందు లైను తప్పా, ఫోను తప్పా తేలాలన్నారు. అటక మీంచి పాత ఎర్ర ఫోను దింపారు. బేస్ నుంచి వైరు పీకి దానికి తగిలించారు. రిసీవర్ ఎత్తితే చక్కగా డయల్ టోన్! లైను బాగానే ఉంది. జబ్బు కార్డ్‌లెస్‌దే. ఇంట్లో ఒక మామూలు వైరు ఫోను దాచుకుంటే ఈ పరీక్ష రెండు నిమిషాల పని.

దాన్ని పక్కన పెడదామనుకుంటుండగా గంట మోగింది. మూడయింది మరి.

‘ఏమండీ మరిదిగారూ, ఫోనెత్తొద్దని చెప్పిందా నా చెల్లెలు?’

‘అయ్యో, లేదు వదినగారూ. ఫోను పాడైంది.’

‘పాడైతే రింగెలా అవుతుందండీ? అయిదు రోజులుగా చేస్తున్నాను. రింగవుతూనే ఉందిగా!’

చాలా ఇళ్లలో అపార్థాలకి మూలం ఇదే. మనం ఫోన్ చేసినప్పుడు చెవిలో వినపడే ‘ట్రింగ్ ట్రింగ్’ అవతలింట్లో మోగే గంట కాదు. అది నెట్‌వర్క్ మనకి వినిపించే శబ్దం. అవతల ఫోను మోగుతోందో మూగబోయిందో దానికేం తెలుసు? పైగా చాలా కార్డ్‌లెస్ మోడళ్లలో గంట మోగేది హ్యాండ్‌సెట్‌లోనే. దాని బ్యాటరీ చచ్చిపోతే ఇల్లంతా నిశ్శబ్దం.

ఇదంతా మాస్టారు వివరంగా చెప్పారు. పాఠం చెప్పినట్టు చెప్పారేమో, అక్కగారికి నమ్మకం కుదరలేదు. ‘సరే, దాన్ని పిలవండి.’

‘ఇప్పుడే మాత్ర వేసుకుని పడుకుందండీ...’

‘పడుకుందా... సరే లెండి.’ ఫోను పెట్టేశారు. ఆ సమయంలో చెప్పకూడని నిజం ఏదైనా ఉందంటే అదే!

ఇక రేపు మూడింటిలోగా కార్డ్‌లెస్ బాగవ్వాల్సిందే. పక్కింటి కుర్రాడు వచ్చి ఏవో నాలుగు బటన్లు నొక్కి వెళ్లాడు. మాస్టారు బేస్ చూశారు. లైటు వెలుగుతోంది, అంటే అడాప్టర్ సరే. ఒకవేళ వెలగకపోయినా, ఇంట్లో కనిపించిన ఇంకో అడాప్టర్ తెచ్చి గుచ్చేయకూడదు. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజీ కలవాలనేం లేదు. హ్యాండ్‌సెట్‌ని బేస్ మీద పెడితే ‘బీప్’ రావడం లేదు. కళ్లజోడు సవరించుకుని చూస్తే, ఛార్జింగ్ అందే రెండు లోహపు రేకులూ నల్లగా ఉన్నాయి. పక్కనే దేవుడి గూడు. అగరబత్తి పొగంతా వాటి మీదే! అడాప్టర్ ప్లగ్గు తీసేసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దారు. బీప్ వచ్చింది.

రెండు గంటల తర్వాత తీసి చూస్తే తెర వెలిగింది, రెండు నిమిషాల్లో ఆరిపోయింది. అంటే బ్యాటరీ ముసలిదైపోయింది. అవి రెండుమూడేళ్లు సేవ చేస్తే గొప్ప. వెనక మూత తీస్తే రెండు సన్న సెల్లులు. బజారుకెళ్లి అచ్చం అలాంటివే తెచ్చారు. పెట్టబోతుండగా హైదరాబాద్ నుంచి మనవడి ఫోను. ‘తాతయ్యా ఆగు! అవి రిమోట్‌లో వేసేవి. ఛార్జింగ్ పెడితే కారిపోతాయి, ఒక్కోసారి పగులుతాయి కూడా.’ నిజమే. సైజు ఒకటే గానీ జాతి వేరు. మామూలు సెల్లు 1.5 వోల్టులు, ఛార్జింగ్ పనికిరాదు. కార్డ్‌లెస్‌కి కావలసింది రీఛార్జబుల్ అని రాసి ఉన్న నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు. అది 1.2 వోల్టులు. మళ్లీ బజారు. కొత్తవాటిని మొదటిసారి 14 నుంచి 16 గంటలు ఛార్జ్ చేయాలని ఫోనుతో వచ్చిన పుస్తకంలో ఉంది. సాయంత్రం ఆరింటికి పెడితే మర్నాడు పొద్దున్న పది. లెక్క సరిపోయింది.

పదింటికి తెర కళకళలాడింది గానీ ‘బేస్ వెతుకుతోంది’ అన్న రాత వదల్లేదు. పక్కింటి కుర్రాడి నొక్కుళ్ల ఫలితం! బేస్ మీది బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టి, హ్యాండ్‌సెట్ మెనూలో రిజిస్టర్ నొక్కి, పిన్ అడిగితే నాలుగు సున్నాలు కొట్టారు. రెండూ కలిశాయి.

మూడు దాకా ఆగలేదావిడ. రెండున్నరకే తనే నంబరు నొక్కారు. తెనాలిలో రింగవుతోంది. రింగవుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ‘చూశారా, కావాలనే!’ అన్నారు. మాస్టారు నవ్వి ఊరుకున్నారు. అక్క కూతురి సెల్‌కి చేస్తే నంబరు సరిచూసుకోమని టేపు వాగింది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. 2021 జనవరి 15 నుంచీ అదే పద్ధతి. సున్నా కొడితే పలికింది. అమ్మ పెరట్లో వడియాలు ఎండబెడుతోందట!

మూడింటికి దిండు పక్కన ఫోను మోగింది. గంటా పది నిమిషాలు మాట్లాడుకున్నారు. సగం సేపు గుమ్మడికాయ వడియాల గురించే. ఇల్లు అమ్మకం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. అది ఇప్పటికీ తేలలేదు.

మాస్టారు బ్యాటరీ మూత లోపల తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, దాని మీద తారీఖు వేశారు. ఎర్ర ఫోనుని మాత్రం మళ్లీ అటకెక్కించలేదు. స్ప్లిటర్ కొని దాన్నీ అదే లైనుకి తగిలించారు. ఇప్పుడు మూడింటికి హాల్లోనూ గంట మోగుతుంది. ఆయన మధ్యాహ్నం నిద్ర గోవిందా!