ఒకే గూడు, వేర్వేరు అరలు

లెక్కలు, రసీదులు, మొబైల్ యాప్ అని మూడు గిట్ రిపాజిటరీలుగా విడివడియున్న మా సాఫ్ట్‌వేరును, నల్లగొండలో ఇంటి మిద్దెమీద కూర్చుండి, నిన్న రాత్రి ఒక్కచోటికి జేర్చితిని. రసీదులో ‘మొత్తము’ అను గడి పేరు మార్చుటకు మూడుచోట్ల మూడు కమిట్లు చేయవలసివచ్చి, అందొకటి మరచినందున తెల్లవారుసరికి రసీదులన్నియు సున్నాలు చూపిన బాధ యింకను మనసున నున్నది. 1934లో మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డిగారు 354 మంది కవులను ‘గోలకొండ కవుల సంచిక’ యను నొక్క సంపుటమున జేర్చినప్పుడు ఎవరి పద్యము వారిదిగానే యుండెను గదా! అట్లే ఏ మాడ్యూలు ఫోల్డరు దానిదే; కలసి మారవలసినవి మాత్రము ఒకే కమిట్‌లో మారును. పాత కమిట్ల చరిత్ర పోకుండ సబ్‌ట్రీ పద్ధతిన తెచ్చుకొంటిని. వేరొక జట్టు తన వేగమున విడుదలచేయు లైబ్రరీని బయటనే యుంచితిని. దానికి వేఱు గడపయే మేలు.