భయానికి రెండో భాగం

ఒకప్పటి తూర్పు గోదావరి జిల్లాకు ఈ కొసన తుని, ఆ కొసన రాజోలు. ఆ రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ‘తులసిదళం’ సీరియల్ రాసి రెండు కొసల మధ్యనున్న ఊళ్లన్నిటినీ హడలెత్తించారు. దాని తరువాయి ‘తులసి’. భయపెట్టడంలో అది మొదటిదానికి సాటిరాదు. ‘తులసిదళం’లో పసిపిల్ల మంచాన పడితే ఒకరు చేతబడి అంటారు, డాక్టరూ హిప్నాటిస్టూ వేరే కారణాలు వెతుకుతారు. ఏది నిజమో తేలని ఆ ఊగిసలాటలోనే భయమంతా ఉంది. వారం రోజులు ఆగాల్సిన పాఠకుడు మిగతా ఆరు రోజులూ తనకు తానే భయం కల్పించుకునేవాడు. ‘తులసి’కి వచ్చేసరికి కాష్మోరా అనే క్షుద్రశక్తి ఉందా లేదా అన్న ప్రశ్నే పోయింది. ఉంది, దాన్ని అణచడమెలా అన్నదే మిగిలింది. అక్కడితో అది పోరాటం కథ అయిపోయింది.

‘తులసి’నీ జనం చదివారు కదా, 1986లో దాని ఆధారంగా ‘కాష్మోరా’ సినిమా కూడా వచ్చింది కదా అంటారు. నిజమే. ఆ పిల్ల ఏమైందో తెలుసుకోవాలన్న ఆత్రం వేరు, వెన్నులో వణుకు వేరు. అభ్యుదయ విమర్శకులైతే రెండిటినీ కలిపి క్షుద్ర సాహిత్యం అన్నారు. ఆ కోపం అకారణం కాదు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఊళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అయితే ఆ లెక్కన ఎక్కువ తిట్లు రెండోదానికే పడాలి. మొదటిది వైద్యుడి వాదన కూడా పాఠకుడి ముందు పెట్టింది.

రచయిత ఎన్నాళ్లని దాస్తాడు, ఎప్పుడో ఒకప్పుడు గుట్టు విప్పాలిగా అన్న ప్రశ్న గట్టిది. దీనికి జవాబు జపాన్ మాంగా ‘అటాక్ ఆన్ టైటాన్’లో దొరుకుతుంది. హజిమె ఇసయామా 2009లో మొదలుపెట్టి 2021లో ముగించిన ఈ బొమ్మల కథ 34 సంపుటాలు. మొదట్లో గోడల వెనక దాక్కున్న జనం, వాళ్లను తినే రాక్షసాకారాలు, అంతే. పోనుపోను (చదవబోయేవాళ్లు ఈ వాక్యం దాటేయండి) ఆ రాక్షసులూ మనుషులేనని, సముద్రం అవతల ఇంకో లోకముందని తెలుస్తుంది. గుట్టు విప్పాడు గానీ కొత్త సందేహం నాటాడు: ఇంతకీ రాక్షసులెవరు? చివరికి కథానాయకుడే ఆ రాక్షసుల చేత లోకాన్ని తొక్కించబోతాడు. ‘తులసి’కి అందనిది ఇదే, కాష్మోరా ఎంత పెరిగినా బయటి శత్రువే, దాన్ని గెలిస్తే చాలు. యండమూరి రెండు పుస్తకాల్లో ఒక్కదానికే తీరికుంటే ‘తులసిదళం’ చదివి ఆగిపొండి.